అకూస్టిక్ గిటార్‌కి ఏ చెక్క? మీ చేతికి సరిపోయేది ఎంచుకోవడం ఎలా

గిటార్ కొనాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "రోజ్‌వుడ్ తీసుకోవాలా, మహోగనీ తీసుకోవాలా?" ఆ రెండూ గిటార్ వెనక భాగానికీ పక్కలకీ వాడే చెక్కలు. ధ్వనిలో వాటి వాటా ఉంది, కాదనను. కానీ అక్కడ మొదలుపెడితే వరస తలకిందులవుతుంది. ముందు చూడాల్సింది గిటార్ ముందు పలకని, అంటే తీగల కింది కొసలని పట్టి ఉంచే బ్రిడ్జ్ అనే చెక్క ముక్క అతికించి ఉండే పలచటి టాప్‌ని. మిగతావన్నీ దాని తర్వాతే. నేను పాటించే వరస ఇదే. ఒక్కో అడుగూ చెప్తాను.

ముందుగా టాప్ చేసే పనేమిటో చూద్దాం

తీగ ఒక్కదాన్నే బిగించి మీటితే పక్క గదిలోకి కూడా వినపడదు. అంత సన్నటి తీగ గాలిని కోసుకుంటూ పోతుంది తప్ప కదిలించలేదు. తీగలోని కంపనం బ్రిడ్జ్ మీదున్న శాడిల్ అనే సన్నటి పట్టీ గుండా టాప్‌కి చేరుతుంది. వెడల్పాటి ఆ పలక ఊగి గాలిని నెడుతుంది. మనం వినేది ఎక్కువగా ఆ పలకనే.

స్టీల్ తీగల గిటార్‌లో ఈ పలక మందం సుమారు 3 మిల్లీమీటర్లు. మామూలు లైట్ గేజ్ (సన్నరకం) తీగలు ఆరూ కలిసి లాగే లాగుడు 70 కిలోల పైమాటే. అంటే ఒక మనిషి బరువు పగలూ రాత్రీ ఆ పలచటి చెక్కని లాగుతూనే ఉంటుంది. అది తట్టుకోవాలంటే చెక్క బిగువుగా ఉండాలి. చిన్న మీటుకే పలకాలంటే తేలికగా ఉండాలి. స్ప్రూస్, సీడర్ లాంటి చెట్ల చెక్కలో ఈ రెండు గుణాలూ కలిసి దొరుకుతాయి. స్ప్రూస్ ఘనమీటరు సుమారు 400 నుంచి 450 కిలోలు తూగుతుంది, రోజ్‌వుడ్ 800 దాటుతుంది. అంత తేలికైన స్ప్రూస్‌లో, చెక్క పోగుల వెంట, శబ్దం సెకనుకి 5,000 మీటర్లకు పైగా పరుగెడుతుంది. గాలిలో దాని వేగం 340 మీటర్లే. అందుకే గిటార్ టాప్‌లు ఎక్కువగా ఈ రకం చెక్కలతోనే కనిపిస్తాయి.

టాప్‌కి ఉన్న ఈ పెద్దరికాన్ని నేటి గిటార్‌కి రూపం ఇచ్చిన స్పెయిన్ దేశపు ఆంటోనియో డి టోర్రెస్ 1862లోనే చేసి చూపించాడు. టాప్ మంచి స్ప్రూస్‌తో చేసి, వెనక భాగం, పక్కలు అట్టతో చేశాడు. అది పలికింది. ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

మొదటి అడుగు: మీ చెయ్యి ఎలాంటిదో తేల్చుకోండి

ఇప్పుడు మీ దగ్గరున్న గిటారే తీసుకోండి, ఎవరిదైనా అడిగి తెచ్చుకున్నదైనా ఫర్వాలేదు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి మూడడుగుల దూరంలో పెట్టండి. మీరు ఎక్కువగా వాయించే పాటని మూడుసార్లు వాయించండి. ఒకసారి మామూలుగా, ఒకసారి ఎంత మెల్లగా వాయించగలరో అంత మెల్లగా, ఒకసారి చేతిని పూర్తిగా వదిలేసి గట్టిగా. తర్వాత విని, ఈ విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి.

పిక్‌తో, అంటే తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ బిళ్లతో వాయిస్తారా, వేళ్లతోనా? మెల్లగా వాయించినదానికీ గట్టిగా వాయించినదానికీ నిజంగా ఎంత తేడా వస్తోంది? గిటార్ ఒక్కటే వాయిస్తారా, పాడుతూ వాయిస్తారా? పాడేవాళ్లయితే మీ గొంతు కింది స్థాయిలో బరువుగా ఉంటుందా, పై స్థాయిలో సన్నగా ఉంటుందా? పక్కన ఇంకా ఏ వాయిద్యాలు మోగుతుంటాయి?

ఈ కాగితం మీకు ఏ పుస్తకం కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. చాలామంది తాము గట్టిగా వాయిస్తామనుకుంటారు, రికార్డింగ్‌లో వింటే చెయ్యి మెత్తగా ఉంటుంది. నా విషయంలో ఇది తలకిందులైంది. నేను ఇంట్లో రాత్రిళ్లు వేళ్లతో మెల్లగా వాయించుకునేవాణ్ణి, అదే నా వాయింపు అనుకున్నాను. సీడర్ టాప్ ఉన్న గిటార్ కొన్నాను. నలుగురు కూర్చుని పాడుకునేచోట పిక్ పట్టి స్ట్రమ్మింగ్, అంటే తీగలన్నిటినీ ఒకేసారి కొట్టి వాయించడం, మొదలుపెట్టేసరికి ధ్వని ఒక స్థాయి దాటాక పెరగడం మానేసింది. ఎంత గట్టిగా కొడితే అంతగా కార్డ్‌లోని (కలిపి వాయించే స్వరాల గుంపులోని) స్వరాలు ఒకదాన్నొకటి తోసుకుని ముద్దయిపోయేవి. తప్పు ఆ గిటార్‌ది కాదు, అది మెత్తటి చేతికి చేసింది. వారంలో ఎక్కువ రోజులు నేను చేసే పని వేరు. కొనేముందు మూడు నిమిషాలు రికార్డ్ చేసుకుని ఉంటే అది తెలిసేది.

ఇప్పుడే నేర్చుకోవడం మొదలుపెడుతున్నారా? మీకింకా చెయ్యి కుదరలేదు కాబట్టి ఈ అడుగు వదిలేయండి. సిట్కా స్ప్రూస్‌తో చేసిన సాలిడ్ టాప్ (ఈ మాటల అర్థం కింద చెప్తాను) ఉన్న గిటార్ తీసుకుని రెండేళ్లు వాయించండి, చెక్క గురించి టెన్షన్ పడకండి.

రెండో అడుగు: టాప్ చెక్కని ఆ చేతికి జతచేయండి

సిట్కా స్ప్రూస్ దగ్గర మొదలుపెట్టండి, ఎందుకంటే మిగతావాటికి అదే కొలబద్ద. అలాస్కా నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా పసిఫిక్ తీరం వెంట పెరిగే మహావృక్షం ఇది. మెల్లగా వాయించినా గట్టిగా వాయించినా సూటిగా, స్పష్టంగా పలుకుతుంది. గట్టి స్ట్రమ్మింగ్‌కి చెదరదు. మరీ మెత్తటి వేళ్లకి మాత్రం కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది. ఒకే గిటార్‌తో అన్నీ వాయించాలంటే, ఏదీ తేల్చుకోలేకపోతుంటే, సిట్కా తీసుకోండి. తర్వాత బాధపడేవాళ్లు తక్కువ.

ఎంగెల్‌మన్ స్ప్రూస్ రాకీ పర్వతాల చెట్టు. సిట్కా కన్నా తేలిక, రంగు తెల్లన. మెల్లగా వాయించేవాళ్లకి త్వరగా స్పందిస్తుంది, ధ్వనిలో కొంచెం మెత్తదనం ఉంటుంది. ఆల్ప్స్, కార్పేథియన్ పర్వతాల్లో పెరిగే యూరోపియన్ స్ప్రూస్‌తోనే వయొలిన్ టాప్‌లు చేస్తారు. మెత్తటి మీటుకి పలుకుతూనే గట్టి మీటునీ మోసే చెక్క కావాలంటే దీన్ని వెతకండి. వేళ్లతో వాయించేవాళ్లలో స్ప్రూస్‌ని వదలలేనివాళ్లకి నేను మొదట చెప్పే పేరు ఇదే.

ఇక అడిరాండాక్, దీన్నే రెడ్ స్ప్రూస్ అని కూడా అంటారు. ఉత్తర అమెరికా తూర్పు వైపు పెరుగుతుంది. 1940ల మధ్య దాకా అమెరికాలోని మార్టిన్ కంపెనీ గిటార్‌లకి ఎక్కువగా ఇదే వాడేవాళ్లు, ఆ కాలపు గిటార్‌లకి ఇప్పుడున్న పేరుప్రతిష్ఠల్లో దీని భాగం చాలా ఉంది. పిక్‌తో ఎంత బలంగా కొట్టినా ఇంకా ఇవ్వడానికి దీని దగ్గర మిగిలే ఉంటుంది. అమెరికా జానపద శైలి బ్లూగ్రాస్ వాయించేవాళ్లు దీనికోసం పడి చస్తారు. అయితే ఆ బలం మీ చేతిలో లేకపోతే అది తలుపు వేసిన గదిలా ఉంటుంది. పేరు విని మురిసిపోయి మెత్తటి చేతివాళ్లు దీన్ని కొనుక్కోవడం చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

సీడర్ సంగతి వేరు. గిటార్‌కి వాడే వెస్టర్న్ రెడ్ సీడర్ అసలు సీడర్ జాతిదే కాదు, వాడుకలో ఆ పేరు స్థిరపడింది. స్ప్రూస్ కన్నా తేలిక, మెత్తన, ముదురు ఎరుపు గోధుమ రంగు. 1960లలో మాడ్రిడ్‌లో గిటార్‌లు చేసే రామిరెజ్ వాళ్లు క్లాసికల్ గిటార్‌లకి దీన్ని వాడటం మొదలుపెట్టాక ప్రపంచమంతా పాకింది. వేలికొన తాకగానే పలికేస్తుంది, వెచ్చగా, గుండ్రంగా. కొత్త గిటార్ అయినా ఏళ్లుగా వాయించినదానిలా ఉంటుంది. రాత్రిపూట ఒక్కరే కూర్చుని వేళ్లతో వాయించుకునేవాళ్లకి దీన్ని మించింది లేదు. బలహీనత ఏమిటో నా అనుభవంలోనే చెప్పాను. ఇంకోటి, గోరు గట్టిగా నొక్కితే గుంట పడేంత మెత్తన కాబట్టి పిక్ గీతలు త్వరగా పడతాయి. రెడ్‌వుడ్ కూడా దాదాపు ఇదే కోవలోది, కొన్ని పలకలు సీడర్ కన్నా కొంచెం బిగువుగా ఉంటాయి.

టాప్ కూడా మహోగనీతోనో, హవాయి దీవుల కోవాతోనో చేసిన గిటార్‌లు ఉన్నాయి. ఇవి స్ప్రూస్ అంత బిగ్గరగా పలకవు, మీటిన క్షణంలో వచ్చే ఆ చురుకుదనం కొంచెం తగ్గుతుంది. దానివల్లే పాడేవాళ్ల గొంతుకి చోటు మిగులుతుంది. మైక్ ముందు పెడితే చక్కగా సర్దుకుంటుంది. కాగితం మీద "పాడుతూ వాయిస్తాను" అని రాసుకున్నవాళ్లు ఒక్కసారైనా మహోగనీ టాప్ గిటార్ పట్టుకుని చూడాలి.

ఈ మధ్య టాప్‌లని ఆక్సిజన్ చాలా తక్కువగా ఉన్న గదిలో వేడిచేసి వాడుతున్నారు. టారిఫైడ్ టాప్, థర్మల్లీ ఏజ్డ్ టాప్ అని స్పెసిఫికేషన్‌లో కనిపించేది అదే. దీనివల్ల చెక్క కొంచెం తేలికవుతుంది, తేమని పీల్చడం తగ్గుతుంది, రంగు ముదురుతుంది. కొత్తగా ఉన్నప్పుడే తెరుచుకున్న ధ్వని కావాలనుకునేవాళ్లు విని చూడొచ్చు. స్ప్రూస్ వాయించేకొద్దీ విచ్చుకుంటుందని వాయించేవాళ్లు చాలామంది అంటారు. ఆ ఆశతో మాత్రం గిటార్ కొనకండి. ఈ రోజు దుకాణంలో నచ్చనిది ఐదేళ్ల తర్వాత నచ్చుతుందని నమ్మకం ఏమీ లేదు.

మూడో అడుగు: సాలిడ్ చెక్కా, ప్లైవుడ్డా?

నా లెక్కలో సిట్కానా, సీడరా అన్నదాని కన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. సాలిడ్ టాప్ అంటే ఒకే దుంగ నుంచి కోసిన చెక్క. లామినేట్ టాప్ అంటే పలచటి పొరలని అడ్డంగా నిలువుగా పేర్చి జిగురుతో అతికించిన ప్లైవుడ్. పైపొర నిజంగా స్ప్రూసే అయినా పలక స్వభావం మారిపోతుంది. ఊగాల్సినంత స్వేచ్ఛగా ఊగదు, ధ్వని పెట్టెలో మూసినట్టు వస్తుంది. స్పెసిఫికేషన్‌లో "సాలిడ్ స్ప్రూస్ టాప్" అని ఉంటే సాలిడ్. వట్టి "స్ప్రూస్ టాప్" అని మాత్రమే ఉంటే మామూలుగా లామినేట్ అనే అర్థం. ఆ ఒక్క మాటని జాగ్రత్తగా చూడండి.

మాటని నమ్మకుండా కళ్లతో చూసే పద్ధతి కూడా ఉంది. ఫోన్ టార్చ్ వెలిగించి సౌండ్‌హోల్ (టాప్ మధ్యలోని గుండ్రటి రంధ్రం) అంచుకి ఏటవాలుగా పట్టండి. టాప్ మీద సన్నటి గీతలు సమాంతరంగా కనిపిస్తాయి కదా, అవి చెట్టు ఏటేటా పెరిగిన గుర్తులు. ఒక్క గీతని ఎంచుకుని, అది రంధ్రం అంచు దగ్గర మలుపు తిరిగి చెక్క మందంలోకి దిగుతోందా లేదా చూడండి. పైనున్న గీత అంచు మందంలో కూడా కిందిదాకా అలాగే కొనసాగితే సాలిడ్. అంచులో అడ్డంగా రెండు మూడు పొరలు, మధ్యలో వేరే రంగు పొర కనిపిస్తే ప్లైవుడ్. కొన్ని గిటార్‌లలో అంచుకి నల్లరంగు వేసి ఉంటుంది, అప్పుడు ఈ పరీక్ష కుదరదు. లోపలివైపు చిన్న అద్దం పెట్టి చూడండి, లేదా అమ్మేవాళ్లని నేరుగా అడగండి.

వెనక పలకకి ఇంకో పరీక్ష. బయట వైపు ఏదైనా ప్రత్యేకమైన మచ్చ, మెలిక, ముదురు చార వెతికి, దాని చోటుని వేలితో గుర్తుపెట్టుకోండి. సౌండ్‌హోల్‌లోంచి లోపలికి చూస్తే సరిగ్గా అదే చోట ఆ మచ్చ కనిపించాలి. లోపల పూర్తిగా వేరే డిజైన్ ఉంటే అది లామినేట్.

వెనక, పక్కలు లామినేట్ అయితే బెంగపడక్కర్లేదు. సాలిడ్ టాప్, లామినేట్ బ్యాక్ ఉన్న గిటార్ చాలామందికి సరైన ఎంపిక. తేమ మార్పులని బాగా తట్టుకుంటుంది, దెబ్బ తగిలినా త్వరగా పగలదు. బస్సుల్లో రైళ్లలో గిటార్ మోసుకుని తిరిగేవాళ్లకి నేను ఇదే చెప్తాను.

నాలుగో అడుగు: ఆ ఒక్క పలకని చదవండి

చెక్క పేరు ఒకటే అయినా ఏ రెండు పలకలూ ఒకలా ఉండవు. ఒకే చెట్టు నుంచి కోసినవి కూడా వేరుగా పలుకుతాయి. కాబట్టి మీ చేతిలో ఉన్న పలకని చూడటం నేర్చుకోండి.

గీతలు టాప్ పొడవునా నేరుగా సాగాలి. దుంగని దాని మధ్య నుంచి బయటికి కోస్తే, అంటే క్వార్టర్‌సాన్‌గా కోస్తే, గీతలు పలక మందంలో నిలువుగా నిలబడతాయి. అలాంటి పలక అడ్డంగా కూడా బిగువుగా ఉంటుంది, తేమకి తక్కువ ఉబ్బుతుంది. దానికి గుర్తు ఒకటుంది. గిటార్‌ని కిటికీ వెలుతురులో మెల్లగా తిప్పండి. గీతలకి అడ్డంగా పట్టుబట్ట మీద మెరుపులా సన్నటి తళుకు కదిలితే అది మంచి కోత.

ఇంకోటి గమనించండి. టాప్ రెండు సగాలుగా ఉంటుంది, ఒకే చెక్కని పుస్తకంలా విప్పి మధ్యలో అతికిస్తారు. ఒకవైపు నుంచి చూస్తే ఎడమ సగం తెల్లగా, కుడి సగం ముదురుగా కనిపించి, గిటార్‌ని తలకిందులుగా తిప్పితే రంగులు తారుమారైతే, అందులో రనౌట్ ఉందన్నమాట. చెక్క పోగులు పలక ఉపరితలానికి సమాంతరంగా లేకుండా ఏటవాలుగా బయటికి వచ్చేస్తున్నాయి. కొంచెం ఉంటే ఏమీ కాదు. ఎక్కువ ఉంటే బిగువు తగ్గుతుంది.

గీతలు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచి ధ్వని అనే మాట బాగా ప్రచారంలో ఉంది. దాన్ని పట్టించుకోకండి. వెడల్పు గీతలున్న అడిరాండాక్ టాప్‌లు అద్భుతంగా పలకడం ఎందరో విన్నారు. దగ్గర గీతలు చూడ్డానికి అందంగా ఉంటాయి, అంతవరకే.

ఇక కంటికి కనిపించని సంగతి మందం. పలక మందం 10 శాతం తగ్గిస్తే బరువు 10 శాతమే తగ్గుతుంది, బిగువు మాత్రం సుమారు 27 శాతం పడిపోతుంది, ఎందుకంటే బిగువు మందం ఘనంతో మారుతుంది. 3 మిల్లీమీటర్ల పలకకీ 2.7 మిల్లీమీటర్ల పలకకీ ఉన్న తేడా కంటికి ఆనదు, చెవికి తెలుస్తుంది. దీనికితోడు టాప్‌కి బలం కోసం లోపల అతికించే బ్రేసింగ్ కర్రలు, పైన పూసే ఫినిష్ (వార్నిష్ లాంటి పూత) మందం. మంచి పనివాడు మెత్తటి చెక్కని కొంచెం మందంగా ఉంచి, బిగువైన చెక్కని పలచగా తీసి, రెండిటినీ తను అనుకున్న ధ్వనికి తెస్తాడు. 1995లో టేలర్ గిటార్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన బాబ్ టేలర్ సరుకులు మోసే చెక్క ప్యాలెట్‌ని విడదీసి, మేకుల రంధ్రాలున్న ఆ పలకలతోనే ఒక గిటార్ చేసి ప్రదర్శనలో పెట్టాడు. అదీ గిటార్‌లాగే పలికింది.

ఐదో అడుగు: ఇప్పుడు వెనక, పక్కల చెక్క

ఇక్కడికి వచ్చాక మొదటి ప్రశ్నకి జవాబు వెతకొచ్చు. వాడుకలో ఉన్న తీరు ఇలా ఉంటుంది.

రోజ్‌వుడ్ బరువైన, చిక్కటి చెక్క. ఇండియన్ రోజ్‌వుడ్ అంటే మన ఇరుగుడు చెట్టే. మీటాక స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది, కింద బాస్ లోతుగా, పైన ఓవర్‌టోన్స్ (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) తళతళలాడుతూ ఉంటాయి. గిటార్ ఒక్కటే వాయించేవాళ్లకి ఇది నిండుగా ఉంటుంది. మహోగనీలో స్వరం ముందుకు వచ్చి నిలబడుతుంది, చుట్టూ తోరణాలు తక్కువ. కార్డ్‌లో ఒక్కో స్వరం విడివిడిగా వినపడుతుంది, మధ్య స్థాయి వెచ్చగా ఉంటుంది. గొంతుతో పాటు వాయించడానికి, బ్యాండ్‌లో వాయించడానికి నేను మహోగనీనే ఇష్టపడతాను. బరువైన గొంతుతో పాడేవాళ్లకి రోజ్‌వుడ్ బాస్ ఒక్కోసారి గొంతు మీదకే వచ్చి కూర్చుంటుంది. మేపుల్ అన్నిటికన్నా పొడిగా, వేగంగా ఆగిపోతుంది, స్టేజ్ మీద ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ ధ్వని మళ్లీ గిటార్‌లోకి వచ్చి కూతపెట్టడం) గొడవ తక్కువ కాబట్టి వాయిద్యాల మధ్య గట్టిగా స్ట్రమ్ చేసేవాళ్లకి బాగుంటుంది. వాల్‌నట్, కోవా ఈ మధ్యలో ఎక్కడో ఉంటాయి. సపేలే మహోగనీకి ఆఫ్రికా బంధువు, ఇప్పుడు చాలా గిటార్‌లలో దాని స్థానంలో ఇదే ఉంటుంది, దానివల్ల నష్టమేమీ లేదు.

తేడా ఉన్నమాట నిజమే, కానీ దాని కొలత తెలిసి ఉండాలి. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక పరీక్ష ప్రచురించారు. ఒకే పనివాడి చేత ఒకే కొలతలతో, ఒకే రకం టాప్‌తో ఆరు గిటార్‌లు చేయించారు. వెనక, పక్కలు మాత్రం ఆరు రకాలు: బ్రెజిలియన్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహోగనీ, మేపుల్, సపేలే, వాల్‌నట్. 52 మంది గిటారిస్టులకి వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టి, మసకవెలుతురు గదిలో వాయించమన్నారు. ఏ చెక్కదో కనిపించకపోయేసరికి ఆరింటికీ దాదాపు ఒకే మార్కులు పడ్డాయి. అంటే చవకైన సపేలేకీ, దొరకడమే కష్టమైన బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కీ చెవి పెద్ద తేడా పట్టలేదు. ఇది చదివాక వెనక చెక్క కోసం అదనంగా డబ్బు పోయడం నేను మానేశాను. అందం కోసం పోస్తే అది వేరే సంగతి, అందంగా ఉన్న గిటార్‌ని మనిషి ఎక్కువ వాయిస్తాడు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. అంతరించిపోయే జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌ని 1992లో అత్యంత కఠినమైన మొదటి జాబితాలో చేర్చింది. పత్రాలు లేని పాత గిటార్‌ని సరిహద్దు దాటిస్తే చిక్కుల్లో పడతారు. 2017 జనవరిలో మిగతా రోజ్‌వుడ్ జాతులన్నీ రెండో జాబితాలోకి వచ్చాయి, ఆ మూడేళ్లు గిటార్ కంపెనీలకి చుక్కలు కనిపించాయి. 2019 నవంబర్ నుంచి తయారైన వాయిద్యాలకి ఆ నిబంధన సడలించారు, బ్రెజిలియన్‌కి తప్ప. మార్టిన్ కంపెనీ మాత్రం 1969లోనే బ్రెజిలియన్ నుంచి ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారిపోయింది.

స్పెసిఫికేషన్‌లో "సెలెక్ట్ హార్డ్‌వుడ్" అని ఉంటే ఏ చెక్కో చెప్పలేదన్నమాటే. "మహోగనీ ఫినిష్" అంటే రంగు మాత్రమే.

నెక్, ఫ్రెట్‌బోర్డ్, బ్రిడ్జ్

వీటి మీద ఎక్కువసేపు ఆగకండి. నెక్, అంటే గిటార్ మెడ, నేరుగా ఉండాలి. దాని మీద ఫ్రెట్లనే లోహపు పట్టీలు ఉండే, తీగలని నొక్కే పలక ఫ్రెట్‌బోర్డ్, అది అరగకుండా గట్టిగా ఉండాలి. ఎబొనీ అయినా రోజ్‌వుడ్ అయినా రిచ్‌లైట్ లాంటి కాగితపు మిశ్రమమైనా పని జరుగుతుంది. ఎబొనీలో బూడిదరంగు చారలుంటే లోపం అనుకోకండి. కారు నలుపు చెట్టు కోసం అడవిలో లెక్కలేనన్ని మంచి చెట్లని కొట్టి వదిలేసేవాళ్లు. చారలున్నది కొనడం మంచి పని.

ఆరో అడుగు: మీరుండే చోటి గాలిని లెక్కలోకి తీసుకోండి

సాలిడ్ చెక్క ఊపిరి పీల్చినట్టు తేమ పీల్చి వదులుతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్ హాయిగా ఉంటుంది. అంతకన్నా బాగా పొడిగా ఉంటే టాప్ లోపలికి కుంగుతుంది, ఫ్రెట్ల కొసలు నెక్ అంచులో గుచ్చుకుంటాయి, చివరికి చెక్క చీలుతుంది. తేమ మరీ ఎక్కువైతే టాప్ ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, ధ్వని మొద్దుబారుతుంది. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి కేస్‌లో పెట్టుకుని నెలరోజులు చూడండి. అంకెలు 30కీ 80కీ మధ్య ఊగుతుంటే, తేమ అదుపుచేసే ప్యాకెట్లు వాడే ఓపిక లేకపోతే, వెనక పక్కలు లామినేట్ ఉన్నది తీసుకోండి. అందమైన ఆల్ సాలిడ్ గిటార్ నిలువునా చీలిపోయి గోడకి వేలాడటం చూస్తే గుండె తరుక్కుపోతుంది.

ఏడో అడుగు: చూడకుండా వినండి

రెండు మూడు గిటార్‌ల దాకా వచ్చాక ఇది చేయండి. ఒకే సైజు బాడీ ఉన్నవాటినే పోల్చండి. పెద్ద డ్రెడ్‌నాట్‌నీ చిన్న పార్లర్‌నీ పక్కపక్కన పెడితే మీరు వినేది బాడీ సైజు తేడా, చెక్కది కాదు. అన్నిటికీ ఒకే రకం తీగలు, దాదాపు ఒకే వయసువి ఉండాలి. పాత తీగలున్న మంచి గిటార్ కొత్త తీగలున్న మామూలు గిటార్ ముందు ఓడిపోతుంది. కొత్త తీగలు వేయమని అడగడానికి మొహమాటపడకండి. మార్టిన్ డీ-18, డీ-28 రెండూ దొరికే చోటుంటే తప్పకుండా వాయించి చూడండి. రెండూ డ్రెడ్‌నాట్‌లే, రెండిటికీ స్ప్రూస్ టాపే. మొదటిదానికి వెనక మహోగనీ, రెండోదానికి రోజ్‌వుడ్. ఈ రెండు చెక్కల పోలికకి ఇంత మంచి జత ఇంకోటి లేదు.

ఒక స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్లండి. ముందు మీరు గోడవైపు తిరిగి కూర్చోండి. స్నేహితుడు వరస చెప్పకుండా ఒక్కో గిటార్ మీద ఒకే నాలుగు కార్డ్‌లు, ఒకే బలంతో వాయించాలి. మీరు ఒకటి, రెండు, మూడు అని అంకెలే రాసుకుంటూ మార్కులు వేయండి. తర్వాత వరస మార్చి మళ్లీ. రెండు రౌండ్‌లలోనూ ఒకే గిటార్‌కి మంచి మార్కులు పడితే మీ చెవి నిజం చెప్తోంది. పడకపోతే ఆ రెండు గిటార్‌ల మధ్య మీకు తేడా లేదు, చేతికి హాయిగా ఉన్నది తీసుకోండి.

తర్వాత మీ వంతు. కళ్లు మూసుకుని ఆరో తీగని ఒక్కసారి మీటి, పూర్తిగా ఆగేదాకా వినండి. స్వరం ఎలా మొదలైందో, ఎలా సన్నబడిందో గమనించండి. రెండో తీగ మీద పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. చాలా గిటార్‌లు అక్కడ చిక్కిపోయి పలచగా వినపడతాయి. మంచి టాప్ అక్కడ కూడా నిండుగా ఉంటుంది. ఆ తర్వాత కాగితం మీద రాసుకున్న పాటనే మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి వాయించండి. గట్టిగా వాయించినప్పుడు ధ్వని పెరుగుతోందా, ముద్దవుతోందా? మెల్లగా వాయించినప్పుడు స్వరం నిండుగా ఉందా, బలహీనంగా ఉందా? మీరు పాడేవాళ్లయితే అక్కడే పాడండి. సిగ్గుపడితే తర్వాత ఇంట్లో తెలుస్తుంది.

గిటార్ చేయించుకుంటున్నవాళ్లకి ఒక్క మాట. పనివాడి దగ్గరికి చెక్క పేర్లతో వెళ్లకండి. మీ మూడు రికార్డింగ్‌లు తీసుకెళ్లండి, మీకు నచ్చిన గిటార్ ధ్వని ఒకటి వినిపించండి, మీ చేతి బలం చూపించండి. ఆయన దగ్గర నాలుగైదు టాప్ పలకలు ఉంటాయి. ఒక్కోదాన్ని అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని మధ్యలో వేలికణుపుతో తట్టి వినిపించమని అడగండి. కొన్ని గంటలా మోగుతాయి, కొన్ని అట్టలా టప్పుమంటాయి. మోగేవాటిలో మీ చేతికి ఏది కుదురుతుందో ఆయన చెప్పగలడు, అక్కడ ఆయన మాట వినండి.

అన్నిటినీ ఫోన్‌లో రికార్డ్ చేసుకుని ఇంటికి వచ్చేయండి. ఆ రోజు ఏమీ కొనకండి. మర్నాడు పొద్దున, కాఫీకి ముందే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ వినండి. దుకాణంలో మనసు లాగిన గిటారే పొద్దున కూడా మీ చెవిని ఆపితే, వెళ్లి సౌండ్‌హోల్ అంచులో ఇంకోసారి టార్చ్ వేసి చూసి, తెచ్చుకోండి.